వాలి సుగ్రీవుల వంటి వాహనములు

ఎద్దును కొనదలచిన రైతు సంతలో దాని పళ్ళు చూచును, సుళ్ళు లెక్కించును, కొమ్ముల తీరు పరికించును. అంతటితో బేరము ముగియదు. కాడి కట్టి నాలుగడుగులు నడిపించి చూచిన పిమ్మటనే మొలలోని పైకము పైకి తీయును. కొన్న ఎద్దుతో పది సంవత్సరములు బ్రతుకవలెను గనుక అంత జాగ్రత్త. ఆ రైతు ఇంటనే పుట్టి, చదివి, ఉపాధ్యాయుడైన కుమారుడు ఎన్నో జతల ఎద్దుల ఖరీదు పోసి కారు కొనునప్పుడు మాత్రము రంగును చూచును, పై మెరుగును చూచును, ఎదురింటి వాకిట నిలిచిన కారును చూచును. తండ్రికి ఉన్న పరీక్షాబుద్ధి కుమారునకు లేకపోవుట చదువు లోపము కాదు. కారునకు కాడి ఎట్లు కట్టవలెనో తెలిపినవారు లేకపోవుటయే అందుకు కారణము.

ఈ పరీక్షకు విజయనగరము జిల్లాలోని కొత్తవలస తగిన స్థలము. విశాఖపట్టణము నుండి అరకు లోయకు పోవు రోడ్డు పెందుర్తి దాటి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోటకు సాగి, ఆపైన అనంతగిరి కొండల నెక్కును. రైలు మార్గమునకును ఇది కూడలియే. బైలడిల్లా ఇనుప ఖనిజమును విశాఖ రేవునకు చేర్చుటకై 1960వ దశకమున నిర్మించిన కిరండూల్ మార్గము ఇచ్చటనే ప్రధాన మార్గము నుండి చీలును. కొండ నెక్కుటకు ఎంత బలము కావలెనో, బరువుతో దిగుటకు ఎంత నిగ్రహము కావలెనో, ఖనిజపు రైళ్ళను నిత్యము చూచు ఈ ఊరివారికి మరియొకరు చెప్పనక్కరలేదు.

ఈ ఊరిలో ఒక ఉపాధ్యాయ దంపతుల కుటుంబము ఉన్నదని భావింపుడు. ఇద్దరు పిల్లలు, మోకాళ్ళ నొప్పితో ఒక నాయనమ్మ. వారమంతయు పాఠశాలకు రాకపోకలు, నెలకొకమారు విశాఖలో వైద్యునికడకు, పండుగకు సింహాచలము, వేసవిలోనో చలికాలములోనో ఒకమారు అరకు. వారు ఏడు సంవత్సరముల వాయిదాలపై కారు కొనదలచిరి. వెదకి వెదకి తుదకు రెండింటికడ నిలిచిరి. ఒకటి హ్యుందాయ్ వారి క్రెటా, రెండవది కియా వారి సెల్టాస్. రెండును ఎస్.యు.వి. అను జాతికి చెందినవి. అనగా ఎత్తైన నడుము, ఎత్తైన ఆసనము గల కార్లు. ఇంట రెండు పక్షములు ఏర్పడినవి. తీర్పు చెప్పువారు లేరు. తప్పు జరిగినచో ఏడు సంవత్సరములు ప్రతి నెలయు జీతము ఆ తప్పునకు కప్పము కట్టవలసి ఉండును. కొండదారిలో జరిగిన తప్పునకు చెల్లించు మూల్యము అంతకంటెను పెద్దది.

ఈ రెంటిని పోల్చుట ఏల కష్టమో తెలియుటకు ముందు వాని వంశము తెలియవలెను. దక్షిణ కొరియాలో కియా సంస్థ 1944లో పుట్టినది. హ్యుందాయ్ మోటారు సంస్థ 1967లో పుట్టినది. వయస్సున కియాయే పెద్దది. 1997 నాటి ఆసియా ఆర్థిక సంక్షోభమున ఆ పెద్దది దివాలా తీయగా, మరుసటి ఏట చిన్నది దానిని చేపట్టినది. నాటి నుండి రెండును ఇంజనులను, చట్రములను పంచుకొనుచు, బజారులో మాత్రము పోటీ పడుచున్నవి. క్రెటా 2015లో మన దేశమున విడుదలయినది. దాని జన్మస్థానము చెన్నై సమీపమున ఉన్న శ్రీపెరుంబుదూరు. రామానుజాచార్యుల జన్మస్థలముగా ప్రసిద్ధి కెక్కిన ఊరు. సెల్టాస్ 2019 ఆగస్టులో మన రాయలసీమ గడ్డపై పెనుకొండకడ నెలకొన్న కర్మాగారము నుండి వెలువడినది. 1565 నాటి రాక్షస తంగడి యుద్ధము పిమ్మట విజయనగర రాజులకు రాజధాని అయిన పెనుకొండయే ఇది. పేర్లు మాత్రము రెండింటికిని గ్రీకు దేశపు వాసనతో వచ్చినవి. క్రెటా అను పేరు మధ్యధరా సముద్రములోని క్రీటు ద్వీపమును తలపించును. సెల్టాస్ అను పేరు హెర్క్యులీసు కుమారుడైన సెల్టసును తలపించును.

కిష్కింధలో వాలి సుగ్రీవులు పోరునప్పుడు శ్రీరామునకు ఎవరు వాలియో, ఎవరు సుగ్రీవుడో తెలియలేదు. మిత్రునకే ఆపద కలుగునేమో అని బాణము విడువక నిలిచెను. రెండవమారు లక్ష్మణుడు గజపుష్పి తీగను సుగ్రీవుని మెడలో మాలగా వేసిన పిమ్మటనే గురి కుదిరినది. కొత్తవలస కుటుంబము చిక్కును ఇటువంటిదే. మొదటి తరపు సెల్టాస్‌లోను, 2020లో వచ్చిన రెండవ తరపు క్రెటాలోను ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును నడుమ దూరము 2610 మిల్లీమీటర్లే. ఇంజనులును అవే. సాధారణ పెట్రోలు ఇంజను 115 అశ్వశక్తి గలది. డీజిలు ఇంజను 116 అశ్వశక్తి గలది. టర్బో పెట్రోలు ఇంజను 160 అశ్వశక్తి గలది. పైతొడుగు వేరు, గుండె ఒక్కటే.

2025 డిసెంబరులో కియా వారు సెల్టాస్ రెండవ తరమును ప్రకటించుటతో కొంత భేదము ఏర్పడినది. క్రెటా పొడవు 4330 మిల్లీమీటర్లు కాగా కొత్త సెల్టాస్ పొడవు 4460. వెడల్పు 1790 ఎదుట 1830. ఇరుసుల నడుమ దూరము 2610 ఎదుట 2690. పొడవున జానెడైనను నిండని భేదము. ఇరుసుల నడుమ బెత్తెడు భేదము. ఈ బెత్తెడు వెనుక కూర్చున్న నాయనమ్మ మోకాళ్ళకు ఉపకరించును. అదే బండిని ఇరుకు సందులో త్రిప్పునప్పుడు, చిన్న కొట్టములో నిలుపునప్పుడు, ఆ జానెడుకు లోపయిన పొడవే అడ్డు తగులును. ఒకనికి గుణమైనది వేరొకనికి దోషమగుట ఇచ్చటనే మొదలగును.

ఇక ఇంజను మాట. షోరూములో అందరును అశ్వశక్తినే అడుగుదురు. కొండ నెక్కుటకు ముందుగా అడుగవలసినది టార్కు, అనగా త్రిప్పు బలము. తిరగలి పిడి నడిమికి దగ్గరగా ఉన్నచో త్రిప్పుట కష్టము. అంచున ఉన్నచో సులభము. ప్రయోగించిన బలమును, ఇరుసు నుండి దాని దూరమును హెచ్చించగా వచ్చునదే త్రిప్పు బలము. న్యూటన్ మీటర్లలో దానిని కొలుతురు. సాధారణ పెట్రోలు ఇంజను ఇచ్చు గరిష్ఠ టార్కు 144 న్యూటన్ మీటర్లు. అదియును నిమిషమునకు సుమారు 4500 భ్రమణములకు చేరిన పిమ్మటనే. డీజిలు ఇంజను 250 న్యూటన్ మీటర్లను 1500 భ్రమణములకడనే ఇచ్చును. ఐదుగురు మనుష్యులు, పెట్టె బేడలతో అనంతగిరి మలుపున బండి నెమ్మదించినప్పుడు ఈ రెండంకెల భేదము కాలి క్రింద తెలియును. పెట్రోలు బండి ఎక్కలేకపోదు. గేరు తగ్గించి, ఇంజనును బిగ్గరగా పలికించి, ఓర్పుతో ఎక్కించవలెను. టర్బో పెట్రోలు ఇంజను డీజిలుతో సమానముగా లాగును గాని దాని ధర అధికము.

ఎక్కుట కంటె దిగుట కఠినము. దిగునంతసేపు బ్రేకుపై కాలుంచినచో బ్రేకులు వేడెక్కి పట్టు సడలును. అందుచేతనే ఏ గేరులో ఎక్కితిమో ఆ గేరులోనే దిగవలెనని అనుభవము గల డ్రైవర్లు చెప్పుదురు. ఇంజనే బండిని వెనుకకు పట్టి ఉంచును. ఇంధనము మిగులునని గేరు తప్పించి దిగుట ఆత్మహత్యతో సమానము. ఈ నిగ్రహము క్రెటాకును సెల్టాస్‌కును సమానమే. అది నడుపువాని నుండియే రావలెను.

మరియొక భ్రమ కూడ తొలగవలెను. ఎత్తైన బండి గనుక ఏ దారినైనను పోవునని పలువురు తలంతురు. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున పుట్టిన జీపు నాలుగు చక్రములను త్రిప్పుకొనుచు బురదలను, వాగులను దాటెను. మన దేశమున అమ్ముచున్న క్రెటాలోను సెల్టాస్‌లోను ఇంజను బలము ముందు చక్రములకు మాత్రమే చేరును. ఇవి తారు రోడ్డు బండ్లు. గతుకులను ఓర్చుకొనును గాని వానకాలపు గెడ్డలో దించినచో నిలిచిపోవును.

ఇప్పుడు ప్రాణముల లెక్క. గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థ కార్లను అడ్డునకు ఢీకొట్టించి పరీక్షించి నక్షత్రములను ప్రకటించును. 2020లో సెల్టాస్‌కును, 2022లో క్రెటాకును పెద్దల రక్షణలో ఐదింట మూడేసి నక్షత్రములు లభించినవి. పిల్లల రక్షణలో సెల్టాస్‌కు రెండు, క్రెటాకు మూడు. అప్పుడు పరీక్షించినవి రెండేసి ఎయిర్ బ్యాగులు గల బండ్లు. పిదప రెండు సంస్థలును అన్ని శ్రేణులలోను ఆరు ఎయిర్ బ్యాగులను అమర్చినవి. సెల్టాస్ శరీరమే మారినది. కావున పాత నక్షత్రములను చూపి నేటి బండిని నిందింపరాదు, పొగడరాదు. 2023 అక్టోబరు నుండి మన దేశమునకే భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష ఏర్పడినది. కొనదలచిన బండికి, కొనదలచిన తరమునకు, అందు వచ్చిన ఫలితము ఏమని షోరూమువారిని అడుగుట కొనువాని హక్కు. పైకప్పు అద్దమునకు వెచ్చించు సొమ్ము కంటె ఈ ప్రశ్న విలువైనది. వెనుక కూర్చున్న ముగ్గురును బెల్టు పెట్టుకొనుట చట్టవిధి. పెట్టుకొననిచో ఏ నక్షత్రమును కాపాడదు.

పిమ్మట పైకపు లెక్క. ఇది తరగతిలో పిల్లలచేత చేయింపదగిన లెక్క. లీటరు పెట్రోలు 110 రూపాయలు, డీజిలు 98 రూపాయలు అనుకొనుడు. పెట్రోలు బండి లీటరుకు 14 కిలోమీటర్లు, డీజిలు బండి 18 కిలోమీటర్లు ఇచ్చునని పెట్టుకొనుడు. సంవత్సరమునకు 10,000 కిలోమీటర్లు తిరిగినచో పెట్రోలు ఖర్చు సుమారు 78,500 రూపాయలు. డీజిలు ఖర్చు సుమారు 54,500. మిగులు 24,000. డీజిలు బండి ధర లక్షన్నర అధికమైనచో ఆ అధికము తీరుటకు ఆరు సంవత్సరములు దాటును. 20,000 కిలోమీటర్లు తిరుగువానికి మూడేళ్ళు కొంచెము దాటగానే తీరును. పాఠశాల ఊరిలోనే ఉన్న ఉపాధ్యాయునకు ఒక జవాబు, ముప్పది కిలోమీటర్ల దూరము పోయి వచ్చువానికి మరియొక జవాబు. అంకెలు మార్చి ఎవరి లెక్క వారు చేసికొనవలెను.

పన్ను మాటయు మరువరాదు. 2025 సెప్టెంబరు 22 నుండి నాలుగు మీటర్లకు లోబడి చిన్న ఇంజను గల కార్లపై జి.ఎస్.టి. నూటికి 18, క్రెటా, సెల్టాస్ వంటి పెద్దవానిపై నూటికి 40. ఆ నాలుగు మీటర్ల గీత దాటుట నిజముగా ఆ ఇంటికి అవసరమా అను ప్రశ్న రెండు పక్షములలో ఎవరును వేయలేదు. వాయిదా కట్టగా పిల్లల చదువునకు మిగలనిచో వాలియు వలదు, సుగ్రీవుడును వలదు. చిన్న బండియే మేలు.

అవసరమని తేలినచో అప్పుడు కాడి కట్టవలెను. నున్నని రోడ్డుపై ఒంటరిగా పది నిమిషములు నడుపుట పరీక్ష కాదు. ఐదుగురిని ఎక్కించవలెను. నాయనమ్మ ఎవరి చేయి పట్టుకొనకుండ ఎక్కి దిగగలదా చూడవలెను. వెనుక నడుమ ఆసనమున పెద్దవారొకరు అరగంట కూర్చుండవలెను. తమ వీధి మలుపున త్రిప్పి, తమ వాకిట వెనుకకు నడిపి నిలుపవలెను. మెరకపై ఆపి తిరిగి కదలించి చూడవలెను. మరమ్మతు కేంద్రము ఎంత దూరమో కనుగొనవలెను. రెండు బండ్లను ఒకే దినమున, ఒకే దారిలో, అదే ఐదుగురితో పరీక్షించినచో పత్రికలలోని ప్రకటనలు చెప్పని సంగతులు బయటపడును.

ముందు ఇంజనును తిరుగు దూరము నిర్ణయించవలెను. పిమ్మట శరీరమును ఇల్లు నిర్ణయించవలెను. వెనుక ఆసనమున పెద్దలు తరచు కూర్చుండు ఇంటికి, వాకిలి విశాలమైనచో, సెల్టాస్‌లోని బెత్తెడు అధికము ఉపకారి. సందు ఇరుకై, వెనుక పిల్లలు మాత్రమే కూర్చుండు ఇంటికి క్రెటా చాలును. రంగును, పేరును, ఎదురింటివారి అభిప్రాయమును చిట్టచివర నిలుపవలెను.

రెండు బండ్లలో ఉత్తమమైనది ఏదని లోకమును అడిగినచో లోకము రెండు పేర్లును చెప్పును. గజపుష్పి మాల కర్మాగారమున తయారు కాదు. అది శ్రీపెరుంబుదూరులోను దొరకదు, పెనుకొండలోను దొరకదు. ఆ ఇంటి దారి, ఆ ఇంటి జీతము, ఆ నాయనమ్మ మోకాళ్ళు కలిసి అల్లవలసిన మాల అది. అది మెడలో పడిన పిమ్మట గురి తప్పదు.