తలకు దెబ్బ తగిలితే దాచవద్దు: కరాటే నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులకు

వేసవి సెలవులు వస్తే చాలు, స్కూలు మైదానాల్లోను కమ్యూనిటీ హాళ్లలోను కరాటే, తైక్వాండో క్లాసులు మొదలవుతాయి. పిల్లలకు వ్యాయామం, క్రమశిక్షణ, ధైర్యం వస్తాయి కనుక మేము వీటిని వద్దనము. అయితే మా కాజువాలిటీకి వాచిన ముక్కుతోనో, ఊడిన పన్నుతోనో వచ్చే పిల్లలను "ఎలా తగిలింది?" అని అడిగితే చాలాసార్లు వచ్చే జవాబు ఒకటే: "స్పారింగ్‌లో సార్."

స్పారింగ్ అంటే ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, నేర్చుకున్న దెబ్బలను, కాపుదలను ఒకరి మీద ఒకరు అభ్యాసం చేయడం. కరాటేలో దీన్ని కుమితే అంటారు. ఇది కొట్లాట కాదు. పిల్లలు చేసే మొదటి పొరపాటు ఇక్కడే. ఒకడు కాస్త గట్టిగా తగిలిస్తే రెండోవాడు ఇంకాస్త గట్టిగా తగిలిస్తాడు. రెండు నిమిషాల్లో అభ్యాసం పోయి పౌరుషం మిగులుతుంది.

టోక్యో ఒలింపిక్స్‌లో 2021 ఆగస్టు 7న పురుషుల 75 కిలోల పైబడిన విభాగం ఫైనల్ జరిగింది. సౌదీ అరేబియా క్రీడాకారుడు తారెగ్ హమేదీ పాయింట్లలో ముందున్నాడు. అతడు కొట్టిన ఎత్తు కిక్ ఇరాన్‌కు చెందిన సజ్జాద్ గంజ్‌జాదేకు బలంగా తగిలి అతను స్పృహ తప్పాడు. అదుపులేని దెబ్బ అని హమేదీని అనర్హునిగా ప్రకటించారు. స్ట్రెచర్ మీద బయటికి వెళ్లిన వానికే బంగారు పతకం ఇచ్చారు. ఆ పోటీల నియమం అది. దెబ్బను అదుపులో ఉంచడం కూడా విద్యలో భాగమే. ఈ సంగతి మీ పిల్లలకు చెప్పండి, ఆసక్తిగా వింటారు.

ఇక చిన్న అలవాట్లు. కొత్తగా నేర్చుకునేవారు భయంతో ఊపిరి బిగబడతారు. అర నిమిషంలో అలసిపోతారు, చేతులు కిందికి జారతాయి, గడ్డం పైకి లేస్తుంది. ఎదుటివాడు చెయ్యి ఎత్తగానే కళ్లు మూసుకొని ముఖం పక్కకు తిప్పేస్తారు. రాబోయే దెబ్బను చూడలేనివాడు తప్పించుకోనూ లేడు. పైకి లేచిన గడ్డానికి దెబ్బ తగిలితే తల ఒక్కసారిగా తిరిగి, లోపల మెదడు కదులుతుంది. బొటనవేలును పిడికిలి లోపల పెట్టి గుద్దితే ఆ వేలు విరగవచ్చు. మణికట్టు వంచి గుద్దితే బెణుకుతుంది. కాలి వేళ్లు వెనక్కి మడవకుండా తన్నితే వేళ్లకే దెబ్బ. మాస్టారు ఓపికగా చెబితే ఇవన్నీ పోతాయి.

పోనిది మరొకటి ఉంది. దెబ్బ తగిలిందని చెప్పకపోవడం. తోటివారు నవ్వుతారని, బెల్ట్ పరీక్షకు పంపరని, అమ్మ క్లాసు మాన్పిస్తుందని పిల్లలు దాస్తారు. "తలకు గార్డు ఉంది గదా, ఏమీ కాదులే" అని పెద్దలూ అనుకుంటారు. హెడ్ గార్డు చర్మం చీలకుండా, కమిలిపోకుండా కొంత కాపాడుతుంది. మెదడు అదరడాన్ని మాత్రం ఆపుతుందని నమ్మడానికి లేదు. స్పృహ తప్పలేదు కాబట్టి ఫరవాలేదనుకోవడం కూడా పొరపాటే. మెదడు అదిరిన వారిలో చాలామందికి స్పృహ తప్పదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, వెలుతురు చూడలేకపోవడం, అడిగిన ప్రశ్నే మళ్లీ మళ్లీ అడగడం, తెలియని చిరాకు ఉంటాయి. కొన్నిసార్లు ఇవి గంటల తరువాత బయటపడతాయి.

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజుకు ఆట ముగిసినట్లే. "ఇప్పుడు బాగానే ఉంది" అన్నా మళ్లీ దింపవద్దు. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే, అరుదుగానైనా మెదడు వాచి ప్రాణం పోవచ్చు. ఈ ప్రమాదం చిన్న వయసు వారిలోనే ఎక్కువగా కనిపించింది. డాక్టరుకు చూపించండి. ఒకటి రెండు రోజులు విశ్రాంతి, టీవీ, ఫోను తగ్గించడం, కాస్త నడక మంచివి. తరువాత స్కూలు, ఆ తరువాత తేలిక వ్యాయామం, డాక్టరు సరే అన్నాకే స్పారింగ్. నొప్పికి పారాసెటమాల్ చాలు. మొదటి రోజు ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వంటివి మీ అంతట మీరు వేయవద్దు.

వాంతులు ఆగకపోయినా, తలనొప్పి పెరుగుతున్నా, లేపితే లేవకపోయినా, మూర్ఛ వచ్చినా, మాట తడబడినా, ఒక చెయ్యి, కాలు బలహీనపడినా, ముక్కు లేదా చెవి నుంచి నీరులాంటిది కారినా రాత్రి అని చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. మెడ నొప్పి, చేతులు కాళ్లు తిమ్మిరి ఉంటే పిల్లవాణ్ణి కదపకుండా 108కి ఫోను చేయండి.

ముక్కు నుంచి రక్తం వస్తే తల వెనక్కి వాల్చడం మనవారి అలవాటు. అలా చేస్తే రక్తం గొంతులోకి పోతుంది. ముందుకు వంగి కూర్చోబెట్టి, ముక్కు మెత్తని భాగాన్ని పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టాలి.

శాశ్వతమైన పన్ను ఊడితే దాన్ని తెల్లని పై భాగం దగ్గరే పట్టుకోండి. వేరును రుద్దవద్దు, పసుపు పెట్టవద్దు. మట్టి ఉంటే పాలతో ఒకసారి కడిగి, వీలైతే అదే గుంటలో పెట్టి గుడ్డను మెల్లగా కరిచి పట్టుకోమనండి. వీలుకాకపోతే పాలల్లో వేసి అరగంటలోగా దంత వైద్యుని వద్దకు చేరండి. పాలపన్ను అయితే తిరిగి పెట్టకూడదు.

నోటిలో పెట్టుకునే మౌత్ గార్డు ఈ అవస్థను చాలావరకు తప్పిస్తుంది. ఒకరిది మరొకరు వాడకూడదు. గ్లౌజులు కూడా క్లాసు అయ్యాక సంచిలో కుక్కకుండా ఆరబెట్టండి, చెమటతో తడిసిన గ్లౌజులు పంచుకున్న పిల్లలకు తామర అంటుకుంటుంది.