ఎడ్మంటన్ మస్జిదును కట్టిందెవరు?

కెనడాలో మస్జిదు కోసమే కట్టిన తొలి కట్టడం ఎడ్మంటన్ నగరంలోని అల్ రషీద్. 1938 డిసెంబరులో జరిగిన దాని ప్రారంభోత్సవానికి ఖుర్ఆన్ ఆంగ్లానువాదకులు అబ్దుల్లా యూసుఫ్ అలీ హాజరయ్యారు. స్థలం కోసం మేయరును కలిసి అడిగింది హిల్వీ హమ్దాన్ అనే లెబనాన్ మహిళ. చందాల కోసం బజారు వెంట తిరిగితే ముస్లిములతోపాటు క్రైస్తవ, యూదు దుకాణదారులు కూడా ఇచ్చారు. ఇక కట్టిన మేస్త్రీ ఉక్రెయిన్ సంతతివాడు! ఆయన అంతకుముందు మస్జిదు కట్టి ఎరుగడు. అందుకేనేమో, దాన్ని చూస్తే ఉక్రెయిన్ చర్చి గుర్తుకొస్తుందని అక్కడివారు చెబుతుంటారు.

ఇది ఇరుగుపొరుగు మంచితనం. ప్రభుత్వ విధానం కావడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. 1960లలో కెనడా అంటే ఇంగ్లీషు, ఫ్రెంచి సంస్కృతులు రెండేనన్న లెక్క మొదలైంది. మరి మా మాటేమిటని నిలదీసినవారిలో ఉక్రెయిన్ సంతతివారే ముందున్నారు. చివరకు 1971 అక్టోబరు 8న ప్రధాని పియరీ ట్రూడో పార్లమెంటులో బహుళ సంస్కృతుల విధానాన్ని ప్రకటించారు. అధికార భాషలు రెండు ఉంటాయి, అధికార సంస్కృతి అంటూ ఏదీ ఉండదన్నది దాని సారాంశం. ఎవరి సంస్కృతిని వారు నిలుపుకోవడానికి సాయం చేస్తూనే, వలస వచ్చినవారికి అధికార భాష నేర్పే బాధ్యత కూడా ప్రభుత్వం తీసుకుంది. ఈ రెండో సగాన్ని విమర్శకులు తరచు మరచిపోతారు. ఎవరి వాడలో వారు ఉండిపొమ్మని ఆ విధానం చెప్పలేదు.

1988లో దానికి ప్రత్యేక చట్టం వచ్చింది. 1990లో జాతీయ పోలీసు దళంలో సిక్కులు తలపాగాతో ఉద్యోగం చేయడానికి అనుమతి లభించింది. పండుగనాడు వేదికమీద అందరి పాటలూ పాడించడం ఏ ప్రభుత్వానికైనా తేలికే. అసలు పరీక్ష ఉద్యోగం దగ్గర ఎదురవుతుంది.

ఆ పరీక్ష క్విబెక్ రాష్ట్రంలో ఎదురైంది. వందల సంస్కృతులలో తమదీ ఒకటిగా కలిసిపోతుందని అక్కడి ఫ్రెంచివారికి మొదటినుంచీ దిగులు. ఇంగ్లీషు సముద్రం మధ్య ఫ్రెంచిని కాపాడుకుంటున్న వారి భయాన్ని కొట్టిపారేయలేం. కానీ 2019లో ఆ రాష్ట్రం చేసిన చట్టం ప్రభుత్వ బడి ఉపాధ్యాయులు, పోలీసులు, ప్రభుత్వ న్యాయవాదులు విధుల్లో మతచిహ్నాలు ధరించరాదంది. హక్కుల పేరుతో కోర్టులు కొట్టివేయకుండా రాజ్యాంగంలోని మినహాయింపు నిబంధనను ముందే అడ్డుపెట్టుకుంది. అప్పటికే ఉద్యోగంలో ఉన్నవారికి మినహాయింపు ఇచ్చింది, అదీ అదే పదవిలో కొనసాగితేనే.

2021 డిసెంబరులో చెల్సీ అనే ఊళ్ళో మూడవ తరగతి పంతులమ్మను హిజాబు కారణంగా తరగతి నుంచి తప్పించి వేరే పని అప్పగించారు. పిల్లలు, తల్లిదండ్రులు ఆ బడి కంచెకు ఆకుపచ్చ రిబ్బన్లు కట్టారు.