కప్పులో నొదిగిన దీపములు

మా దాచేపల్లి ప్రాంతమున కొన్ని పాత యిండ్లకు దూలములపై నాపరాళ్లు పఱచిన కప్పు కలదు. ఇప్పుడు వానిని బాగుచేయించువారు క్రింద ఫాల్స్ సీలింగు కట్టించి, అందు డౌన్‌లైట్లను ఒదిగించుచున్నారు. రాతిని తొలచుట తగదు గనుక ఈ రెండవ కప్పు లేనిదే వానికి తావు లేదు.

మేమును నిరుడు నడిగదిలో ఆఱు దీపములు వరుసగా పెట్టించితిమి. ఆ రాత్రి మా చిన్నవాడు గోడప్రక్క బల్లయొద్ద చదువ గూర్చుండగా వాని తలనీడయే పుస్తకముపై బడెను! దీపము వాని వెనుక నున్నది. ఒదిగిన దీపము క్రిందికే వెలుగు నిచ్చును. వ్రేలాడు దీపమువలె కప్పును, గోడలను వెలిగించి నీడను పలుచన చేయదు. కావున దీపముల లెక్కకంటె ముందు కూర్చుండు చోట్లను నిర్ణయింపవలెను.

వెలుగు విచ్చుకొను కోణము పెట్టెపై చూడవలెను. 36 డిగ్రీల దీపపు గాఢమైన వెలుగు 6 అడుగుల దిగువను సుమారు 4 అడుగుల వెడల్పునను, 60 డిగ్రీలది 7 అడుగుల వెడల్పునను పడును. (పై తరగతివారు టాంజెంటు పట్టికతో సరిచూచుకొనవచ్చును.)

ఎల్.ఇ.డి. చల్లనిదని పలువురు తలంతురు. వెలుగు ముందుకు పోవును గాని వేడి వెనుకకే పోవును. పలనాటి వేసవిలో పైనున్న రాయియు రాత్రివఱకు కాగియుండును గదా! తయారుచేసినవారు చెప్పినంత ఖాళీ పైన విడువనిచో లోపలి డ్రైవరు త్వరగా చెడును. రాతిసందులు వానకు కారునేమో ముందే చూచుకొనవలెను. పిదప అవి కనబడవు.

మేము ఒక దీపమును తీయించి బల్లకు పైగా, ఎడమవైపున పెట్టించితిమి. పాత రంధ్రమునకు వేసిన మూత నేటికిని కనబడుచునే యున్నది.