జనానా తోటలో ఫిరంగులు

ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఊళ్లు 1800లోనే నిజాం చేతి నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి పోయాయి. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి శిస్తులు కట్టించాడు. చుట్టూ చాలామేర తెల్లదొరల రాజ్యమే అయినా, తూర్పున కర్నూలు మాత్రం కంపెనీకి ఏటా లక్ష రూపాయల పేష్కష్ (కప్పం) చెల్లిస్తూ నవాబుల కిందే ఉండిపోయింది.

1823లో గద్దెనెక్కిన గులాం రసూల్ ఖాన్ ఆ వంశంలో చివరివాడు. ఆయన రహస్యంగా ఆయుధాలు కూడబెడుతున్నాడని కంపెనీకి ఉప్పందింది. 1839లో సైన్యం కోటలో దిగి సోదా చేస్తే ఫిరంగులు బయటపడ్డాయి. ఎక్కడంటారా? రాణివాసం ఉండే జనానా తోటల్లో! వాటిని పోతపోసే కొలిమి, అచ్చులు కూడా అక్కడే దొరికాయి. కోట చిన్నది, సరంజామా మాత్రం పెద్ద యుద్ధానికి సరిపడేది.

అక్టోబరు 18న జొహరాపురం దగ్గర కాసేపు పోరు జరిగింది, నవాబు పట్టుబడ్డాడు. తిరుచిరాపల్లికి తరలించారు. మరుసటి ఏడాది అక్కడే హత్యకు గురయ్యాడు.

రష్యా చివరి చక్రవర్తి రెండో నికోలస్‌దీ దాదాపు ఇదే వరస: 1917లో గద్దె పోయింది, 1918లో నిర్బంధంలో ప్రాణం పోయింది. అయితే నికోలస్‌ను దించింది సొంత జనం. రసూల్ ఖాన్‌ను దించింది పరాయి కంపెనీ.

కర్నూలు 1858లో జిల్లా అయింది. బళ్లారి జిల్లాలో ఉన్న ఆదోని 1953లో వచ్చి అందులో కలిసింది.