బెండు వణకంగనే గుంజకుర్రి

చెరువు నిండి మత్తడి దుంకిందంటె చాలు, కట్ట మీద గాలాలేసెటోళ్ళు లెక్కకు రారు. ఎన్కట బొంగు కట్టె, తంగూసు, నెమలీక బెండు పట్టుకొని పోయెటోళ్ళు. ఇప్పటి పోరగాళ్ళు ఫోన్ల వీడియోలు చూసి, రాడ్డు రీలు ఆన్‌లైన్ల తెప్పిచ్చుకొని పోతున్నరు. సామాను ఏదైనా, చానమందికి మొదటిరోజు దక్కేది నడుము నొప్పే. పరకలు ఎరను కొరుక్కొని తిని పోతయి, పెద్ద చేప మొఖం కూడా చూపియ్యదు. దానికి సామానును తిట్టి లాభం లేదు. మనం పట్టాలనుకున్న చేప ఏం తింటది, ఏ లోతుల తిరుగుతది, ఎప్పుడు నోరు తెరుస్తది అన్నది తెల్వకుంట గాలం ఏస్తె గట్లనే ఉంటది.

మన చెరువులల్ల ఎక్కువ పెంచేటియి బొచ్చె, రవ్వ, మోసు, బంగారుతీగ, గడ్డిచేప. ఇంగ్లీషుల వీటన్నిటిని కలిపి కార్ప్ జాతి అంటరు. జాతి ఒక్కటే గని దేని ఇల్లు దానిదే. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటది. అది పై నీళ్ళల్లనే తిరుగుకుంట, నీళ్ళల్ల తేలే సన్నసన్న పురుగులను వడకట్టుకొని తింటది. గసొంటిదాని కోసం అడుగుకు ఎర్రను దించి కూసుంటె పొద్దు గూకుతది గని చేప రాదు. రవ్వ నడిమి నీళ్ళది. దాని పెదవుల అంచు కుచ్చులు కుచ్చులుగ ఉంటది, నాచును గీకి తింటది. మోసు అడుగున బతుకుతది. బంగారుతీగ సుత అడుగుదే. నోటి పక్కల రెండు జతల మీసాలుంటయి. ఆ మీసాలతోని బురదను తడుముకుంట, బురదతోపాటే నోట్లెకు గుంజుకొని, తిండి ఉంచుకొని మిగిలింది బయటికి ఊదుతది.

కొత్తగ నేర్చుకునెటోళ్ళకు నేనైతె బంగారుతీగతోని మొదలుపెట్టుమనే చెప్త. అది మక్క తింటది, ఎర్ర తింటది, పిండి ముద్ద తింటది, ఏదీ కాదనదు. బురద తవ్వంగ పైకి బుడగలొస్తయి గనుక అది యాడుందో ఒడ్డుమీదికెళ్ళే తెలుస్తది. ఒక్కటొక్కటి రావు, సన్నటి నురుగు లెక్క గుంపుగ వచ్చి జరుగుకుంట పోతయి. ఒక్క తావుననే ఆగి ఆగి బుడగలొస్తుంటె అది బురదల మురిగిన ఆకుల గాలి కావొచ్చు.

ఈ చేపల ఒంటి సంగతి రెండు ముక్కలు తెలిస్తె పని అల్కగైతది. ఒకటి, వీటికి మనకున్నట్టు పొట్ట సంచి ఉండదు. తిన్నది నేరుగ పేగులకే పోతది. గందుకే ఒక్కపూట కడుపు నిండ తిని పండేటియి కావు, కొంచెం కొంచెం తినుకుంట తిరుగుతుంటయి. దవడలకు పండ్లు లేవు, గొంతుల ఉంటయి. నోట్లె వేలు పెడితె ఏం కాదు గని గొంతు దాక పెట్టకుర్రి. రెండోది, చెవి. కడుపుల ఉండే గాలి తిత్తికి, చెవికి నడుమ చిన్న చిన్న ఎముకల గొలుసు ఉంటది. నీళ్ళల్ల చప్పుడైతె ఆ తిత్తి అదురుతది, ఆ అదురు చెవికి ముడుతది. మనం కట్ట మీద ధన్ ధన్ నడిచినా, దోస్తు గాడు నీళ్ళల్ల రాయి ఇసిరినా దానికి ఖబర్ పోతనే ఉంటది.

ఇగ ఏ యాళ్ళకు పోవాలె? పొద్దుగాల, పొద్దుమీకి అని అందరు చెప్తరు, నిజమే. కని ఒక మెలిక ఉన్నది. మొగులు పట్టి ఉక్కపోసిన రాత్రి తెల్లారినంక చేపలు పైకొచ్చి నోరు తెరుచుకుంట కనవడుతయి. కొత్తోళ్ళు ఆకలితోని వచ్చినయనుకొని ఉరుకుతరు. అది ఆకలి కాదు, ఊపిరాడక. రాత్రంత నాచు, చెట్లు సుత నీళ్ళల్ల ఉన్న ప్రాణవాయువును వాడుకుంటయి గనుక తెల్లారేసరికి అది తక్కువైతది. గా టైముల ఏ ఎర పెట్టినా ముట్టయి. ఎండ పొడిసి రెండు గంటలైనంక చూడాలె. సలికాలం చేప ఒళ్ళు చల్లబడి తిండి తగ్గిస్తది. గప్పుడు మబ్బుల లేచి వణుకుకుంట పోయేకంటె మధ్యాహ్నం పోవుడు నయం.

గాలం కట్టే ముందు ఇంకొక మాట, ఇది శానమంది వీడియోలల్ల చెప్పరు. కొర్రమట్ట, జెల్ల లెక్క రవ్వ, బొచ్చె మన చెరువులల్ల వాటంతటవే పుట్టినయి కావు. వీటికి పారే వరద నీళ్ళు ఉంటెనే గుడ్డు పడుతది, నిలువ నీళ్ళల్ల పెట్టయి. 1957 జులై 10న ఒడిశాల హీరాలాల్ చౌదరి, అలీకున్హి అనే శాస్త్రవేత్తలు చేప తలల ఉండే పీయూష గ్రంథి రసాన్ని సూదితోని ఎక్కిచ్చి, తొట్లల్ల గుడ్డు పెట్టిచ్చే పద్ధతి తెచ్చిన్రు. గందుకే జులై 10ని దేశమంత చేప రైతుల దినంగ చేస్తరు. ఆ పద్ధతి లేకుంటె ఇయ్యాల ఊరూరి చెరువుల వేలెడంత పిల్లలను కొనుక్కొచ్చి పోసుడే లేకపోవు. తెలంగాణల సర్కారు ఉచితంగ చేప పిల్లలు పోసుడు 2016-17ల షురూ చేసింది, దానికి ముందు సంఘాలు సొంత పైసలతోని పోసుకున్నయి, ఇప్పటికీ పోసుకుంటున్నయి.

అంటే చెరువుల రవ్వ, మనం పొలంల పెట్టిన వరి లెక్కనే. నాటినోడు ఒకడున్నడు. గంగపుత్రులు, ముదిరాజులు సంఘం పెట్టుకొని, పిల్ల పోసి, కావలి కాసి, ఎండకాలం నీళ్ళు తగ్గినంక వల గుంజి వాటాలు పంచుకుంటరు. ఏడాదికి ఒక్కసారి చేతికొచ్చే పైస అది. ‘బంగారుతీగ చెరువులనే గుడ్డు పెడుతది కదా, అది ఎవలది?’ అని కొంతమంది అడుగుతరు. గుడ్డు పెడుతది, నిజమే, గడ్డికి అంటుకునేటట్టు పెడుతది. కని దాని తల్లిని పోసింది ఎవలు? ‘ఒక్క గాలానికి ఎన్ని పడుతయిలే’ అనే మాట కూడా ఇనవడుతది. కట్ట మీద ముప్పై మంది కూసున్ననాడు ఆ మాట నిలవడదు. ఊర్లె పంచాయితీలు షురువయ్యేది గక్కడనే.

గందుకే సంఘం పెద్దమనిషి దగ్గరికి పోయి, ‘కాకా, ఆయితారం ఆయితారం గాలం ఏసుకుంట, కిలో దాటింది పడితె నీకు చూపిచ్చే తీసుకుపోత’ అని అడుగుర్రి. కొందరు ఒప్పుకుంటరు, కొందరు పైసలు కట్టుమంటరు, కొందరు వద్దంటరు. వద్దంటె వద్దే. తెలిసిన రైతు బాయిల, ఫారం పాండ్ల బంగారుతీగ పోసుకుంటె అక్కడ అడిగి నేర్చుకోవచ్చు. కొత్త చెయ్యికి బాయికంటె కుంటనే మంచిది, చేప తిరుగుడు కండ్లకు కనవడుతది. కరెంటు తీగలేసి, తోటాలు పేల్చి, మందు కలిపి పట్టెటోళ్ళ సంగతి ఏరే. తోటాలు, విషం 1897 నాటి చేపల చట్టంలనే నేరం. ఇగ కరెంటు అయితె చేప కంటె ముంగట మనిషినే కొడుతది.

సామాను సంగతి తక్కువల చెప్త. ఎనిమిది తొమ్మిది అడుగుల బొంగు కట్టె అయినా, అసొంటి రాడ్డు అయినా సాలు. కొక్కెం 6 లేక 8 నంబరు తీసుకోవాలె, నంబరు పెరిగిన కొద్ది కొక్కెం చిన్నగైతది. తంగూసు మందంగ ఉంటె చేపకు తెలుస్తది, మరీ సన్నగుంటె తెగుతది, పాతిక కట్టల సామానుకంటె ఒక్క మంచి ముడి ముఖ్యం. తంగూసును కొక్కెం కన్నులకెళ్ళి తీసి, అదే తంగూసు చుట్టు ఐదారు చుట్లు తిప్పి, కన్ను పక్కన మిగిలిన సందులకెళ్ళి కొసను తీసి, ఎంగిలి పెట్టి తడిపి మెల్లగ బిగియ్యాలె. ఎండు తంగూసును గుంజితె రాపిడికి వేడెక్కి గక్కడనే బలం పోతది. శానమంది పెద్ద చేప తెంపుకొని పోయిందంటరు గని తెగిన కొసను చూస్తె ముడి కాడనే ఊడి ఉంటది.

లోతు కొలుసుడు మర్వకుర్రి. తంగూసుకు బెండు మొయ్యలేనంత సీసం కట్టి ఇడిస్తె, బెండు మునిగితె నీళ్ళు ఇంకా లోతున్నట్టు. బెండును పైకి జరుపుకుంట పోవాలె. బెండు కొస నీళ్ళ మీద కనవడ్డదంటె అది లోతు. ఎర అడుగును తాకీ తాకనట్టు ఉండాలె. ఇది చెయ్యకుంట కూసున్నోడు చెరువుల కాదు, గాలిల గాలం ఏసినట్టే.

ఎరకు ఎండు మక్కలను రాత్రంత నానబెట్టి, గోరు దిగేదాక ఉడకబెట్టాలె. మక్కను పరకలు అంత అల్కగ మింగలేవు, అదే దాంతోని లాభం. లేకుంటె తవుడు, పల్లి చెక్క, కొంచెం గోధుమ పిండి కలిపి ముద్ద చెయ్యుర్రి. చేపల చెరువులల్ల రైతులు సంచులకు బొక్కలు పెట్టి, తవుడు చెక్క నింపి ఏలాడదీసేది ఇందుకే, ఆ వాసన వీటికి అలవాటు. గాలం ఏసే తావుల ముందు రెండు రోజులు అదే యాళ్ళకు రెండు పిడికిళ్ళు ఏస్తె చేప అక్కడికి తిరుగుడు నేర్చుకుంటది. గంపెడు పోస్తె మాత్రం తిండి మురిగి నీళ్ళు ఖరాబైతయి, మీ గాలం దిక్కు చూసే ఆకలి కూడా ఉండదు.

ఇగ బెండు. టక్ టక్ మని వణుకుతుంటె అది పరకలు ముట్టుడు, లేకుంటె బంగారుతీగ పీల్చి ఊదుడు. గప్పుడు గుంజితె ఉత్త కొక్కెం వస్తది. బెండు ఒక దిక్కుకు ఆగకుంట జరుగుకుంట పోయినా, మునిగి లేవకున్నా, లేకుంటె అడ్డంగ పండినా, గప్పుడు మణికట్టుతోని ఒక్క ఎత్తు ఎత్తాలె. చెయ్యంత ఊపి గుంజితె పెదవి చినుగుతది. బెండు పండుడు ఎందుకంటె, చేప అడుగున ఉన్న సీసాన్ని కూడా పైకి లేపింది అన్నట్టు. పడ్డంక రాడ్డును నిలువుగ పట్టి ఒంగనియ్యాలె, ఒంపే దాని బలాన్ని తింటది. రీలు ఉంటె దాని బ్రేకు మరను ముందే సడలగ పెట్టుకోవాలె, చేత్తోని గట్టిగ గుంజితె తంగూసు రావాలె. ఉరికినప్పుడు ఉరకనిచ్చి, ఆగినప్పుడు సుట్టుకోవాలె. ఒడ్డు చూడంగనే ఇంకొక్కసారి ఉరుకుతది, సగం మంది గక్కడనే పోగొట్టుకుంటరు. అందుకని చేతివల ముందే నీళ్ళల్ల ముంచి పెట్టి, చేపనే దాని మీదికి తేవాలె. చిన్నది పడితె చెయ్యి తడుపుకొని పట్టి ఇడువుర్రి, ఎండు చేతికి దాని ఒంటి జిగురు ఊడి వస్తది, రోగాలను ఆపేది ఆ జిగురే.

కొక్కెం నీళ్ళల్ల చెట్టుకు చిక్కితె తెంపుకోవాలె గని దిగద్దు. పూడిక మట్టి తీసిన చెరువులల్ల మోకాలు లోతు పక్కనే జేసీబీ తవ్విన గుంతలుంటయి, పైకెళ్ళి కనవడయి. తెగిన తంగూసును ఒడ్డున పారెయ్యకుంట జేబుల ఏసుకోవాలె, కొంగల కాళ్ళకు చుట్టుకుంటది. కార్బన్ రాడ్డు కొన్నోళ్ళు కట్ట మీద కరెంటు తీగలు ఉన్నయా అని తల ఎత్తి చూసే ఇసరాలె, కార్బన్‌ల కరెంటు పారుతది.

ఇంటికి తెచ్చినంక అమ్మ ‘బురద కంపు కొడుతుంది’ అంటది. ఆ కంపు చెరువు నాచుల, బురదల పుట్టేది, చేప కండల చేరుతది. పానం ఉన్న చేపను ఒకటి రెండు రోజులు మంచి నీళ్ళ తొట్టిల ఉంచితె తగ్గుతది. గంత ఓపిక లేకుంటె చింతపండు పులుసే మందు, పులుపుకు ఆ కంపు ఇరుగుతది. సన్న ముండ్ల కోసం వీపు దిక్కు దగ్గర దగ్గర గాట్లు పెట్టి వండితె పిల్లలు కూడా తింటరు.