మారడం తప్పా?

దొరికిన ఉద్యోగం వదిలితే నిలకడ లేదంటారు మన ఇళ్లలో. పీజీ చదువుతున్న మేమూ, హైటెక్ సిటీలో ఉద్యోగాల్లో చేరిన మా బ్యాచ్ మిత్రులూ ఈ మాట విన్నవాళ్లమే.

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లోనూ ఒకప్పుడు ఇదే ధోరణి. పెద్ద కాలేజీల మధ్య మారిన ఆటగాడు సాధారణంగా ఒక ఏడాది మ్యాచ్‌లు ఆడకుండా కూర్చోవాలి. 2021లో ఒకసారి మారేవారికి ఆ నిబంధన తీసేశారు. 2024లో చదువు సరిగా ఉంటే ఎన్నిసార్లైనా మారవచ్చన్నారు. ఆడే అవకాశం కోసం, డబ్బు కోసం కాలేజీ మారడం అక్కడ మామూలైంది.

మన దగ్గర 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. తర్వాత మాదాపూర్, గచ్చిబౌలిలో కంపెనీలు పెరిగాయి. పక్క వీధిలోనే మరో ఉద్యోగం ఉంటే కంపెనీ మారడం ద్రోహం కాదు, జీతం పెంచుకునే దారి.

అయితే వెనక ఆస్తిలేని మనం మూడు విషయాలు చూసుకోవాలి.

1. బాండ్ చదివే సంతకం పెట్టాలి. విజయా బ్యాంకు కేసులో మూడేళ్లు, 2 లక్షల బాండ్ చెల్లుతుందని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది.

2. నోటీసు గడువు పూర్తిచేసి రిలీవింగ్ లెటర్ తీసుకోవాలి. మాలో ఒకరు కోపంతో అది లేకుండా వచ్చేసి, ఐదు నెలలు ఇంటికి డబ్బు పంపలేకపోయారు.

3. పీఎఫ్ తీసేయకుండా కొత్త కంపెనీకి బదిలీ చేసుకోవాలి. పింఛనుకు మొత్తం 10 ఏళ్ల సర్వీసు కావాలి.

ఊరు వదిలి హాస్టల్‌కు వచ్చిన రోజే మనం ఒకసారి మారాం. ఆ రోజు ఇంట్లో చెప్పి, సర్టిఫికెట్లు జాగ్రత్తగా పట్టుకుని వచ్చాం. ఇకముందూ అలాగే కదులుదాం.