పురుగు ఇచ్చే సర్టిఫికెట్

‘వానాకాలం, పుట్టగొడుగులు, ఆదివారం ముఖచిత్రం’ అన్నారు ఎడిటర్. ఆయన మనసులో ఉన్నవి పోషకాలూ, నాలుగు వంటకాలూ. చందానగర్‌లో రోడ్డు పక్కన గంప పెట్టుకున్నామె ఒక పుట్టకొక్కు విరిచింది. కాడ నిండా తెల్లటి పురుగులు. పక్కదాంట్లో ఒక్కటీ లేదు. ‘‘పురుగు పట్టిందే మంచిది సారూ. విషముంటే అదెట్ల తింటది?’’ అంది. గడువు శుక్రవారం. వంటకాలు వదిలేసి ఆ ప్రశ్న వెంట పడ్డాను.

అవి ఈగల పిల్లలు. అరటిపండు మీద ముసిరే డ్రోసోఫిలా బంధువులూ, ఫోరిడ్, సియారిడ్ అనే బుల్లి ఈగలూ గొడుగుల్లో గుడ్లు పెడతాయి. గొడుగు ఆయుష్షు కొద్దిరోజులే. అది కుళ్లి కరిగేలోపు పిల్ల మేసి, బలిసి, చాలావరకు కింది మట్టిలోకి దిగి ప్యూపా అయిపోవాలి. తల్లులు గుడ్లన్నీ కొన్నింట్లోనే గుప్పిస్తాయి. అక్కడ బలమైన జాతి తనతో తానే కొట్లాడుకుంటుంది, పక్క గొడుగులో బలహీన జాతి బతికిపోతుంది. ఇలాంటి లెక్కను అట్కిన్‌సన్, షొరాక్స్ అనే పరిశోధకులు 1981లోనే వేసి చూపించారు.

ఇక విషం సంగతి. 1983లో ‘సైన్స్’ పత్రికలో జాన్ జేనికే బృందం అచ్చేసిన చిన్న పరిశోధనపత్రం నన్ను కట్టిపడేసింది. ప్రాణాంతకమైన అమనిటా గొడుగుల్లో ఉండే ఆల్ఫా అమానిటిన్ మన కాలేయ కణాల్లో ఆర్‌ఎన్‌ఏ తయారీని ఆపేస్తుంది. ఎంత ఉడికించినా పోదు. దాన్ని మేతలో కలిపితే మామూలు పండ్ల ఈగ పిల్లలు తట్టుకోలేకపోయాయి. గొడుగులు తినే డ్రోసోఫిలా పుట్రిడా, రీసెన్స్, ట్రైపంక్టాటా పిల్లలు మాత్రం నిక్షేపంగా పెరిగాయి. అంటే గంపామె పరీక్ష చెల్లదు. పురుగు తిన్నదని మనం తినడానికి లేదు.

విషాన్ని భరించి ఈగకు ఒరిగేదేమిటి? హోవార్డులా అనే నులిపురుగు గొడుగులోనే ఈగ పిల్లల్లోకి దూరుతుంది. పెరిగిన ఆడ ఈగ గొడ్డుపోతుంది. విషం ఉన్న గొడుగుల్లో ఈ నులిపురుగు బెడద తక్కువని జేనికే 1985లో రాశారు. మనల్ని చంపేదే వాటికి మందన్నమాట. డ్రోసోఫిలా నియోటెస్టేసియా అనే జాతికి ఇంకో దారి దొరికింది. ఒంట్లో స్పైరోప్లాస్మా బాక్టీరియా ఉన్న ఆడ ఈగ, నులిపురుగు సోకినా గుడ్లు పెడుతుంది. అమెరికా తూర్పు భాగంలో 1980ల్లో సుమారు 10 శాతం ఈగల్లో ఉన్న ఆ బాక్టీరియా 2008 నాటికి 80 శాతానికి చేరిందని 2010 నాటి మరో పత్రం. పరిణామం ఇంత తొందరపడుతుందని నేననుకోలేదు. ఇవన్నీ అక్కడి అడవుల ఈగలే, ఒప్పుకుంటా. అయినా పురుగు మీద పెట్టుకున్న నమ్మకం చెడడానికి ఇలాంటి ఒక్క ఈగ చాలు.

ఇక గంపలోని పుట్టకొక్కుల చరిత్ర క్లుప్తంగా: చెదపురుగులు పుట్టలో పెంచే బూజు నుంచే మన పుట్టకొక్కులు లేస్తాయి. లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ తంజావూరు ప్రాంతపు చెదలను చూసి 1779లో వాటి గురించి రాశాడు. 1785లో కాకినాడ జగన్నాథపురంలో పోయాడు. ఆ బూజుకు టెర్మిటోమైసిస్ అని ఫ్రాన్స్ శాస్త్రవేత్త రోజే హైమ్ 1942లో పేరు పెట్టాడు.

బాక్స్: తిన్నాక అనుమానమొస్తే
అమానిటిన్ వాంతులూ విరేచనాలూ సాధారణంగా ఆరు గంటలు దాటాకే మొదలవుతాయి. మధ్యలో తగ్గినట్టుంటుంది, లోపల కాలేయం దెబ్బతింటూనే ఉంటుంది. మిగిలిన ముక్క పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

బాక్స్: బాల్కనీ ఈగలు
పదో అంతస్తు మనీప్లాంట్ కుండీ చుట్టూ ఎగిరే నల్ల నలుసులు సియారిడ్లే. కుట్టవు. తడిమట్టిలోని బూజు వాటి పిల్లల మేత. పైమట్టి ఆరాకే నీళ్లు పోయండి, పసుపు జిగురు అట్ట ఒకటి గుచ్చండి. మందు కొట్టక్కర్లేదు.